సాసరు కింది ఇనాం

మా కాలంలో ఆడపిల్లకు నాలుగక్షరాలు వస్తే ఇంట్లోవాళ్లకు గర్వం, వాడకట్టు వాళ్లకు సౌకర్యం. బడి మొహం చూడకుండానే, అమ్మ పక్కన కూర్చుని భజన పాటలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. ఆ దేవుడు నన్నెంత చల్లగా చూశాడో తలచుకున్నప్పుడల్లా దండం పెట్టుకుంటాను. అదే చదువుతో నా పదిహేడో ఏట మా బాపును ఒక్క పూట భూస్వామిని చేసిన సంగతి మాత్రం, దండం పెట్టుకునేటప్పుడు కాస్త పక్కన పెడతాను.

అప్పుడు నల్లగొండ జిల్లాలో కృష్ణ మీద పెద్ద డ్యాం కడుతున్నారు. అక్కడ ఒక కంట్రాక్టు కంపెనీ గెస్ట్‌హౌసులో బాపు పెద్ద బట్లరు. వచ్చిపోయే ఇంజినీర్లు చాయ్ తాగి లేస్తూ సాసరు కింద రూపాయో రెండో పెట్టేవాళ్లు. దాన్ని బక్షీసు అంటే బాపుకు కోపం, బిచ్చంలా ఉంటుందట. ఆయన ఇనాం అనేవాడు. జీతంలోంచి కంపెనీ నెలనెలా ఇన్‌కంటాక్సు పట్టుకునేది. జీవితబీమా రసీదు చూపిస్తే తక్కువే పట్టుకుంటారు గానీ, బాపు కావాలనే చూపించలేదు. "నా చేతిల ఉంటే దోస్తులకు, చాయ్‌లకు పోతది. సర్కారు తాన ఉంటే భద్రం. సాలు ఎల్లినంక అంత ఒక్కసారి వాపసిస్తరు, బిడ్డకు కుట్టుమిషన్ కొంట" అన్నాడు. ఆ మిషను ఏ కిటికీ పక్కన పెట్టాలో నేను అప్పుడే నిర్ణయించేశాను. (ముగ్గురికి రవికెలు కుట్టిపెడతానని మాట కూడా ఇచ్చేశాను.)

ఏడాది తిరిగింది. వాపసు కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, దాన్ని నల్లగొండలో వకీలు సాబ్ నింపుతాడు. మనం లెక్క తెలుగులో రాసుకుపోవాలి. రాసేది నేనే. జీతం పైన వచ్చింది రాయకపోతే దొంగతనమే అవుతుందని అమ్మ దేవుని గూట్లో దీపం పెడుతూ అంది. సరేనని జీతం కింద ఇంకో వరుసలో ‘ఇనాం వల్ల వచ్చినది’ అని రాసి అంకె వేశాను.

ఆ కాగితం పట్టుకుని బాపు వెంట నేనూ నల్లగొండ పోయాను. వకీలు సాబ్ ఆ వరుస దగ్గర ఆగాడు. అప్పటిదాకా నిలబడే ఉన్న బాపుకు కుర్చీ చూపించి, స్వయంగా చాయ్ పోసి ఇచ్చాడు. (నైజాం కాలం నుంచి మావైపు ఇనాం అంటే గుళ్లకూ, కొలువు చేసినవాళ్లకూ శిస్తు లేకుండా ఇచ్చిన భూమి కూడా. ఆ సంగతి బాపుకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ పూట గుర్తు రాలేదు, అంతే.)

"మంచిగ వస్తదా ఇనాం?" అన్నాడు వకీలు సాబ్.

"చలికాలం మంచిగ వస్తది సాబ్. ఎండకాలం ఎవ్వరు రారు, ఎండిపోతది."

"నీళ్ల సౌలత్ ఉన్నదా?"

"నీళ్లకు ఫికర్ లేదు. గిలాస సగమైతె నేనే నింపుత."

గొప్పవాళ్ల చమత్కారమనుకుని ఆయన నవ్వాడు. నాకు అప్పుడు వెలిగింది. నోరు తెరవబోతుండగా, సేద్యం ఆమ్దానీ మీద పన్ను ఉండదనీ, పట్టుకున్నదాంట్లో చాలామట్టుకు వాపసొస్తుందనీ ఆయన చెప్పాడు. మిషను చక్రం నా తలలో గిర్రున తిరిగింది. తెరవబోయిన నోరు మూసుకున్నాను. స్వామీ, నేను అబద్ధం రాయలేదు, ఇనాం అనే రాశాను కదా అని దేవునితోనే వాదనకు దిగాను. బాపు అప్పటికే కాలు మీద కాలు వేసుకున్నాడు.

"పహాణీ నకలు తెచ్చిన్రా?" అన్నాడు వకీలు సాబ్. ఆ భూమి కాగితం లేకపోతే రెవెన్యూ గిర్దావరు వచ్చి జాగా చూసిపోతాడట. గిర్దావరు గొలుసు పట్టుకుని గెస్ట్‌హౌసులో సాసర్లు కొలుస్తున్నట్టు కళ్ల ముందు కనిపించింది.

"సాబ్, గది భూమి ఇనాం గాదు. మా బాపు చాయ్ ఇస్తె సాసరు కింద పెట్టే ఇనాం" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవలసి వచ్చేదాకా నవ్వాడు. బాపు కాలు దించి మెల్లగా లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "ఏడికి పోతున్నవ్ బట్లర్ సాబ్? ఇయ్యాల నేను నీకు చాయ్ పోసిన. ఇనాం పెట్టకుంటనే పోతవా?"

బాపు నిజంగానే జేబు తడిమి, సాసరు కింద పావలా పెట్టాడు.

ఆ తరువాత వకీలు సాబ్ ఇనామును జీతంలో కలిపాడు, పన్ను పెరిగింది. బీమా రసీదు చూపాడు, కొంత తగ్గింది. ముందే రసీదు చూపించి తక్కువ పట్టించుకుని ఉంటే ఈ ఇనాం మూలంగా చేతినుంచే కట్టవలసి వచ్చేదనీ, ఎక్కువ పట్టించుకోబట్టి ఇంకా కొంచెం మిగిలిందనీ చెప్పాడు. ఆ కొంచెంతో ఒక కత్తెర, ఒక టేపు వచ్చాయి. మాట ఇచ్చిన మూడు రవికెలూ చేతితోనే కుట్టాను. ఆ మిగిలింది కూడా దేవుని దయే.

ఊరికి వచ్చాక అమ్మ మాత్రం వాడకట్టంతా చెప్పుకుంది, తన బిడ్డ వకీలు ముందు నిలబడి, రాబోయే పైసలు పోతాయని తెలిసీ నిజం చెప్పిందని. గిర్దావరుకు భయపడి చెప్పిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే తల వంచుకుని నవ్వేదాన్ని, దాన్ని అణకువ అనుకుని ఇంకా మెచ్చుకునేవాళ్లు. అమ్మ పోయేదాకా ఆ పొగడ్త నాకు వస్తూనే ఉండేది, ఏ కాగితంలోనూ చూపకుండానే పుచ్చుకున్నాను. ఇన్నేళ్లకు ఇప్పుడు చూపిస్తున్నాను. ఇందులోంచి ఎంత పట్టుకుంటాడో, ఎంత వాపసిస్తాడో ఆ దేవుని ఇష్టం.