గడియలో సబ్బు లేదు

ఎన్నో తలుపులు బిగించాను. ఒక్క అబద్ధాన్ని మాత్రం నోట్లోనే బిగించుకుని ఇన్నేళ్ళు తిరిగాను. నవ్వించేవాడి నోట్లో అబద్ధం ఎవరికీ కనిపించదు. అదే నాకు కలిసొచ్చింది. మీకు చెప్పేస్తున్నాను. మధ్యలో నవ్వొస్తే నవ్వండి, నేనూ నవ్వుతూనే రాస్తున్నాను.

ఏడో తరగతిలో బడి నన్ను వదిలించుకుని బతికిపోయింది. ఉప్పల్‌లో తాళాలు, గడియలు బిగించే పనిలో పడ్డాను. తెలంగాణ రావడానికి కొన్నేళ్ళ ముందు, నాచారంలో మనసు బాగాలేని ఆడవాళ్ళుండే ఒక దవాఖానాలో స్నానాల గదులకు గడియలు పెట్టే పని దొరికింది. అంతవరకు అక్కడ గడియలే లేవు. ఆయా ఒకామె తలుపు పట్టుకుని నిలబడితే లోపల స్నానం. అక్కడి పెద్ద నర్సు సిస్టరమ్మ కోరిందేమంటే, లోపలి మనిషి తలుపు వేసుకోగలగాలి, ఆపదొస్తే బయటి నుంచి రూపాయి బిళ్ళతో తిప్పి తెరవగలగాలి, ఎవరూ ప్రాణం మీదికి తెచ్చుకోకుండా పిడికి కొంగు, తాడు ఏదీ తగిలించే వీలుండకూడదు.

ఏది తగిలించినా జారిపోయే వాలు పిడి గడియలు ఏరి తెచ్చాను. ఎంపికలో తప్పు లేదు. మా పనివాళ్ళకో బద్ధకం ఉంది: తలుపు బార్లా తెరిచి పెట్టి గడియ తిప్పి చూస్తాం. గాల్లో ఏ గడియైనా వెన్నలా తిరుగుతుంది. మూశాక చట్రంలో ఇరుక్కుంటుందా? అది చూడాలి. నా ధ్యాస చాయ్ మీద ఉంది.

మొదట తన గదిలోని స్నానాల గది తలుపు వేసుకున్నది రాజక్క. చాలాకాలంగా అక్కడే ఉంటున్న మనిషి, నాకంటే పెద్ద నవ్వులమారి. లోపల గొంతెత్తి బతుకమ్మ పాట అందుకుంది. స్నానమయ్యాక తనే కేకేసింది: "చీర కట్టుకున్న, ఇగ తిప్పుర్రి!"

బయటి నుంచి తెరుచుకుంటుందో లేదో చూడటానికి సిస్టరమ్మ రూపాయి బిళ్ళ తిప్పింది. తిరగలేదు. మళ్ళీ తిప్పింది. ముఖం తెల్లబోయింది. చివరికి రాజక్కే లోపల బలమంతా పెట్టి తిప్పుకుని బయటికొచ్చింది.

"ఏంటయ్యా ఇది? ఎందుకు తిరగలేదు?" అంది సిస్టరమ్మ.

"పాటకు చప్పట్లు కొట్టలేదని అలిగి, రాజక్క గడియల సబ్బు గిట్ల కుక్కినట్టుంది సిస్టరమ్మా!"

అందరూ నవ్వారు. సిస్టరమ్మ నవ్వలేదు, నమ్మింది. రాజక్క గడియ ఒక్కటీ అప్పుడే ఊడదీయించింది, నా చేతనే.

"జోకు మస్తుగున్నది తమ్మీ," అంది రాజక్క. "నా తలుపే పాయె."

అప్పుడైనా చెప్పొచ్చు కదా? పని పోతుందని భయమా? కాదు. అందరినీ నవ్వించిన మాటను వెనక్కి తీసుకోవడం నాకు చేతకాలేదు, ఆ నవ్వు నాకు ఆమె తలుపు కంటే తీపైంది. మిగతా చట్రాలన్నీ దొంగచాటుగా ఆకురాయితో అరగదీసి సరిచేశాను. ఆమె మీద పడ్డ మాట మాత్రం సరిచేయలేదు.

బోనాలు వెళ్ళాక సిస్టరమ్మ మనసు మార్చుకుని కబురు పెట్టింది. వెళ్ళి, ఆ చట్రాన్నీ అరగదీసి, రాజక్క గడియ మళ్ళీ బిగించాను. ఆమె పక్కన నిలబడి మెల్లగా అంది: "గీసారి తలుపు మూసి సూడు తమ్మీ."

ఆమెకు తెలుసు! మొదటి నుంచీ తెలుసు. చెప్పినా తన మాట ఎవరు నమ్ముతారని ఊరుకుందా? ఆ నమ్మనితనం మీదే కదా నా జోకు నిలబడింది?

మూసి చూశాను. తిరిగింది. నన్ను బయటికి నెట్టి, గడియ వేసుకుని, ఆగిన పాటను అందుకుంది. ఏం గొంతు! వరండా అంతా పండగ.

ఇప్పుడు నేను పనిచేసే మల్లాపూర్‌లో ఏ తలుపు బిగించినా, నేనే లోపలికెళ్ళి గడియ వేసుకుని, బయటి నుంచి తెరవమంటాను. తెరిచేదాకా ఆ పాటే పాడతాను. నా గొంతు విని తొందరగానే తెరుస్తారు.

రాజక్క క్షమించిందా? అడగలేదు. సిస్టరమ్మకు చెప్పలేదు. మీకే మొదట. ఆ రోజు గడియలో సబ్బు లేదు. చట్రంలో రంధ్రం నేనే ఇరుకుగా తొలిచాను.

హమ్మయ్య, నోటి గడియ తిరిగింది.