రెండున్నర చుట్లు

కొండదారుల్లో సైకిళ్ళు తొక్కేవాళ్ళందరికీ ఆమె బిగువక్క. ఆమె చేతిలో పడ్డ బ్రేకు ఎవరిదైనా సరే, ఒకే తీరుగా తయారై బయటికొచ్చేది. మీట మీద వేలు ఆనీ ఆనకముందే చక్రం మధ్యనున్న డిస్కును బ్రేకు పట్టేయాలి, చక్రం ఆగాలి. మీట మెత్తగా లోపలికి పోతే, ఉందనుకున్న మెట్టు లేక కాలు గాలిలో పడ్డట్టు ఆమె ఒళ్ళు జలదరించేది. పద్దెనిమిదేళ్ళుగా బ్రేకు నూనె మారుస్తూ, గొట్టాల్లోంచి గాలిబుడగలు తరిమేస్తూ బతికిన మనిషి.

తమ్ముడిది మరో లోకం. మీట సగందాకా ఊరికే రావాలి, అక్కణ్ణించి పట్టు మెల్లగా చిక్కబడాలి. బ్రేకు మాట వినాలి గానీ కసురుకోకూడదనేవాడు. నీది బ్రేకు కాదురా, దిండు అని ఆమె ఏడిపించేది. ఏళ్ళ తరబడి ఇద్దరికీ అదే కాలక్షేపం.

కొండ మీంచి దిగే సైకిలు పోటీ రోజు పొద్దున తమ్ముడు హెల్మెట్ కోసం లోపలికెళ్ళాడు. ఆమె ఊరికే అతని సైకిలు ముందుచక్రం బ్రేకు నొక్కి చూసింది. చేయి ఊరుకోలేదు. పట్టు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే చిన్న మరను రెండున్నర చుట్లు తిప్పింది. చెబితే ఒప్పుకోడు, తొక్కాక వాడే మెచ్చుకుంటాడు అనుకుంది. అతను వచ్చి, మీటైనా తాకి చూడకుండా ఎక్కి వెళ్ళిపోయాడు. అక్క వర్క్‌షాపులోంచి తీసిన సైకిలును పరీక్షించి చూడటం అతనికి ఏనాడూ తెలియదు.

మొదటి ఏటవాలు మలుపులో ఎప్పటిలాగే సగందాకా నొక్కాడు. ముందు చక్రం బిగుసుకుపోయింది. అతను సైకిలు మీంచి ఎగిరి రాళ్ళలో పడ్డాడు. ఎడమ భుజం ఎముక విరిగింది.

అప్పట్నుంచి ఆరు వారాలు. నా వేళ్ళే నన్ను మోసం చేశాయని కనబడ్డవాళ్ళకల్లా చెబుతున్నాడు. తెలిసిన మలుపులో అంత గట్టిగా ఎందుకు నొక్కానో అని తనను తానే అడుగుతున్నాడు. అడిగినప్పుడల్లా ఆమె తల వంచుకుని ఏదో పనిముట్టు తుడుస్తూ కూర్చునేది. ఇప్పుడు సైకిలు అమ్మేస్తానంటున్నాడు. కొనేవాడు సాయంత్రం వస్తాడు.

మధ్యాహ్నం ఆమె సైకిలు మీద కప్పిన దుప్పటి తీసింది. టైరు గాడుల్లో ఆ మలుపు మట్టి ఇంకా ఎండి అంటుకునే ఉంది. తాళంచెవంత పనిముట్టును మరలో పెట్టింది. రెండున్నర చుట్లు వెనక్కి తిప్పితే చాలు, జరిగింది ఆ మరకు కూడా గుర్తుండదు.

బయట మెట్ల మీద తమ్ముడి అడుగులు వినిపించాయి. కాళ్ళకు దెబ్బేమీ తగలకపోయినా, ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ ఆనించి, గోడ పట్టుకుని దిగుతున్నాడు. ఒకప్పుడు రాళ్ళ మీద నీళ్ళలా దిగేవాడు. ఆమె పనిముట్టును మరలోంచి తీసేసింది.

"ఓసారి ముందు బ్రేకు నొక్కు."

"కొనేవాడు చూసుకుంటాడులే అక్కా."

"నువ్వు నొక్కరా."

కుడిచేత్తో నొక్కాడు. వదిలాడు. మళ్ళీ నొక్కి, మీటను అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"ఇది నా బ్రేకు కాదు."

"కాదు. ఆ రోజు పొద్దున నేనే బిగించాను. నీ వేళ్ళ తప్పేమీ లేదు."

తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది.

"ఎన్ని చుట్లు?"

"రెండున్నర."

అతను చేయి చాచాడు. అలవాటు కొద్దీ ఆమే మర వైపు వంగింది.

"నువ్వొద్దు."

పనిముట్టు ఇచ్చేసింది. అతను ఒంటిచేత్తో తడుముకుంటూ తిప్పాడు. ఒకటి. రెండు. అర. కళ్ళు మూసుకుని మీట నొక్కితే, అది సగందాకా మెత్తగా వచ్చి మెల్లగా పట్టుకుంది. ఆరు వారాలుగా బిగుసుకున్న అతని భుజాలు కాస్త కిందికి జారాయి. ఫోను తీసి, సైకిలు అమ్మడం లేదని కొనేవాడికి చెప్పాడు.

ఆమె వైపు చూడకుండా సైకిలును గుమ్మందాకా నడిపించుకెళ్ళాడు. గడప దగ్గర ఆగాడు. ముందు మీట నొక్కి చూశాడు. తర్వాత వెనకది, ఆ రోజు పొద్దున ఆమె ముట్టనైనా ముట్టనిది, అదీ నొక్కి చూశాడు.