కూర్మారావు, కూర, దువ్వెన

కోవిడ్‌కి ముందు ఏడాది. నేను అప్పుడు ఆక్లాండ్ విమానాశ్రయంలో క్వారంటైన్ విభాగపు సీనియర్ అధికారిని. ప్రయాణికుల సామాన్లలో విత్తనం, తేనె, మాంసం, చర్మం, గవ్వ వంటివి ఏవి దేశంలోకి రావచ్చో, ఏవి రాకూడదో తేల్చడం మా పని. కొత్తగా చేరినవాళ్లకి ప్రశ్నలడగడం నేర్పేదీ నేనే. అలాంటి నేను సెలవు మీద వెళ్లి, ప్రశ్న తప్పుగా అడిగి, నా పేరుగల దేవుణ్ణి గిన్నెడు తిన్నాను. ముందే ఒప్పుకున్నవాడికి జరిమానా ఉండదన్నది మా శాఖ నియమం. అందుకే ముందే ఒప్పుకుంటున్నాను.

నా పేరు కూర్మారావు. శ్రీకూర్మంలో మొక్కుకుంటే పుట్టానట. శ్రీకాకుళం వైపు ఈ పేరు వీధికొకరికి ఉంటుంది. నడక కూడా పేరుకి తగ్గట్టే ఉంటుందని మా ఆవిడ అంటుంది.

కరీబియన్ క్రూజ్ మా తోడల్లుడు ప్రకాశం ఆలోచన. ఆక్లాండ్‌లోని మౌంట్ రాస్కిల్ పేటలో మా వెనక వీధే అతనిది. ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు. తడి పట్టిన గోడని కూడా చల్లని ఇల్లు అని చెప్పి అమ్మగలడు. క్రూజ్ అతనిదే అయినా, ఓడ ఒక ద్వీపంలో సగం రోజు ఆగినప్పుడు సముద్రపు తాబేళ్ల ఫార్మ్‌కి వెళదామన్న తెలివి మాత్రం నాది. కరపత్రంలో 'సంరక్షణ కేంద్రం' అని ఉంది. ఆ మాట కనబడితే ఉద్యోగరీత్యా నా తల దానంతటదే ఊగుతుంది. పైగా, స్టాఫ్ రూమ్ గోడకి ఫోటోలు తెస్తానని మా మేనేజరుకి మాటిచ్చి వచ్చాను.

ఫార్మ్ అంటే సిమెంటు తొట్లు. సముద్రాలు దాటే జంతువు అక్కడ నాలుగు బారలు ఈది గోడకి ముక్కు గుద్దుకుని వెనక్కి తిరుగుతోంది. ఇరుకులో ఒకదాన్నొకటి కొరుక్కోగా కొన్నిటి రెక్కల అంచులు చిరిగి ఉన్నాయి. గైడు ఓ పిల్ల తాబేలుని నీళ్లలోంచి తీసి, వరుసలో ఉన్న ప్రతివాడి చేతుల్లో పెట్టి ఫోటో తీయిస్తున్నాడు. అది గాల్లో రెక్కలు టపటపా కొట్టుకుంటుంటే, "మీకు హాయ్ చెబుతోంది" అన్నాడు. నా అనుభవంలో అలా కొట్టుకునేవాళ్లెవరూ హాయ్ చెప్పరు. గోడ మీద పెద్ద అక్షరాలతో 'ముట్టుకోండి, ప్రేమించండి, కాపాడండి' అని ఉంది. నాలుగో క్రియ వంటగదిలో ఉందని నాకప్పటికి తెలీదు.

తాబేలు అన్న మాటలో కొమ్ము తీసేస్తే బేల ఉంది. ఆ పూట అక్కడ రెండో బేల నేను.

భోజనం అక్కడే. ఘుమఘుమలాడే ముద్దకూర ఒకటి వడ్డిస్తున్నారు. దేశం దాటిన మనవాళ్లు ప్రతి హోటల్లో అడిగే రెండు ప్రశ్నలూ అడిగాను. బీఫ్ కాదు కదా? కాదు సార్. పోర్క్ కాదు కదా? అబ్బే, మా దగ్గర పెంచిందే సార్. పెంచింది అనగానే నాకు కోడి తట్టింది. శనివారం కాబట్టి మా ఆవిడ రొట్టెతో సరిపెట్టుకుంది. నేను గిన్నె ఖాళీ చేశాక ప్రకాశం కుర్చీ వెనక్కి వాల్చి, "అన్నయ్యా, కూర్మం ఎలా ఉంది?" అన్నాడు.

"పాపం, ఇరుకులో ఉన్నాయి."

"తొట్లో ఉన్నది కాదు, మీ పొట్టలో ఉన్నది!"

మెనూ బోర్డు నా వీపు వెనక ఉంది. అతను దానికి ఎదురుగా కూర్చున్నాడు. కూర్మంలో కూర దాక్కుని ఉందని అన్నేళ్లలో నాకెప్పుడూ తోచలేదు.

నేను కొత్తవాళ్లకి చెప్పే మొదటి పాఠమే అది: 'మాంసం ఉందా' అనకండి, 'ఏముంది' అనండి. ఉందా అంటే లేదనేస్తారు. ఏముంది అంటే ఏదో ఒకటి చెప్పక తప్పదు. ఆ పాఠాన్ని కూరతో పాటు మింగేశాను.

తిరుగు ప్రయాణంలో విమానం ఆక్లాండ్‌లో దిగుతుండగా ప్రకాశం నా చెవి దగ్గరికి వంగాడు. "అన్నయ్యా, ఫార్మ్ షాపులో మా ఆవిడ సరళకి చిన్న దువ్వెన కొన్నాను. తాబేటి చిప్పది. మీ సూట్‌కేసులో చీరల మధ్య పెట్టా. మీ బ్యాగ్ ఎవరు తెరుస్తారు చెప్పండి? అందరూ మీవాళ్లేగా!"

సముద్రపు తాబేటి చిప్పతో చేసింది ఏదైనా, ఫార్మ్‌లో పెంచినదే అయినా సరే, అటు ప్రభుత్వం, ఇటు ప్రభుత్వం అనుమతి పత్రాలివ్వకుండా సరిహద్దు దాటకూడదు. ఒప్పుకోకుండా దాటిస్తే మామూలు ప్రయాణికుడికి జరిమానాతో పోవచ్చు. నాకైతే ఉద్యోగం పోతుంది. తేకూడనివేమైనా ఉంటే తనిఖీకి ముందే వదిలేయడానికి హాల్లో ఒక డబ్బా ఉంటుంది, అందులో పడేద్దామని ప్రకాశం సలహా. నేను వినలేదు. డబ్బాలో పడేస్తే దువ్వెన ఒకటే పోతుంది. చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉండిపోతుంది. డిక్లేర్ చేసేవాళ్ల వరుసలో నిలబడ్డాను.

బల్ల వెనక నిర్మల ఉంది. ఫిజీలో పుట్టిన పిల్ల. తాతల నాటి తెలుగు నాలుగు ముక్కలు వచ్చు. ప్రశ్నలడగడం నా దగ్గరే నేర్చుకుంది. నన్ను బయట అంకుల్ అంటుంది, యూనిఫాంలో సార్. "మీ బ్యాగేనా సార్? మీరే సర్దారా?" అంది. బ్యాగ్ నాదేననీ, అంతా నేను సర్దలేదనీ, లోపల తాబేటి చిప్ప దువ్వెన ఉందనీ, సర్దినాయన పక్కనే ఉన్నాడనీ చెప్పాను. ఆమె ప్రకాశం వైపు తిరిగింది.

"మీరు చెప్పండి. లోపల ఏం పెట్టారు?"

"ఫ్రూట్స్ లేవమ్మా, హనీ లేదు, మీట్ లేదు..."

"లేనివి వద్దు అంకుల్. ఉన్నవి చెప్పండి."

నా పాఠాన్ని నా బల్లకి అవతలి పక్క నిలబడి వినడం అదే మొదటిసారి. నాకంటే బాగా అడిగింది.

ముందే చెప్పాం కాబట్టి జరిమానా పడలేదు. దువ్వెన జప్తయింది. ఇద్దరికీ విడివిడిగా ప్రశ్నలు వేసి, మా మేనేజరు వచ్చి విని, నన్ను మళ్లీ డ్యూటీలోకి రానిచ్చాడు. స్టాఫ్ రూమ్ ఫోటోలేవని అడిగితే, చూపించేలా రాలేదన్నాను.

ఆ ప్రయాణంలో నేర్చుకున్నది పెద్దదేమీ కాదు. 'సంరక్షణ' అని బోర్డు పెట్టినచోట ముందు వంటగది చూడాలి. 'మీవాళ్లే' అని ఎవరైనా అంటే బ్యాగ్ మళ్లీ సర్దుకోవాలి. ఏం లేదో కాదు, ఏముందో అడగాలి.

ప్రకాశం మాత్రం దువ్వెన సంగతి మింగేసి, కూర కథని మౌంట్ రాస్కిల్‌లో ప్రతి విందులోనూ వడ్డించాడు. నన్ను 'కూరారావుగారు' అనేవాళ్లు కూడా తయారయ్యారు. అతని పుట్టినరోజుకి అందరూ చేరారు. మా వీధి చివర చిల్లర కొట్లో ఓ ప్లాస్టిక్ దువ్వెన కొని, రంగు కాగితం చుట్టి పట్టుకెళ్లాను. ప్రకాశానిది నున్నటి బట్టతల అని ఇందాక చెప్పడం మర్చిపోయాను.

అతను ప్యాకెట్టు ఊపి చూసి, అందరి ముందూ నవ్వుతూ, "ఇందులో ఏముంది అన్నయ్యా?" అన్నాడు.

"బీఫ్ లేదు, పోర్క్ లేదు," అన్నాను.