రోకలి చప్పుడు వినే పిల్లి

మొన్న మా వీధి చివరి ఇంట్లో అద్దెకున్నవాళ్లు సామాను లారీకెక్కించుకొని వెళ్లిపోయిన మరునాడు, తాళం వేసిన వాళ్ల గేటు ముందర ఒక ముసలి పిల్లి కూర్చొని ఉండడం చూశాను. పొడుగు బొచ్చు పిల్లి. అది పిల్లకూనగా ఉన్నప్పుడు ఎక్కడి నుంచో తెప్పించుకొని, వీధిలో వాళ్లందరినీ పిలిచి మరీ చూపించుకున్న ఇల్లే అది. ఇప్పుడు దాని చంకల్లోనూ తొడల మీదా బొచ్చు ఉండలు కట్టి, అట్టలాగా బిగిసి, అడుగు వేస్తే చర్మం లాగి కుంటుతోంది. ఆ ఇల్లాలి ఫోను నంబరు సంపాదించి అడిగాను. ఆమె ఎంతో మర్యాదగా, ముసలిదైపోయింది కదా ఆంటీ, కొత్త ఇంట్లో ఇబ్బంది అని ఫ్రీగా వదిలిపెట్టేశాం, ఎక్కడో ఒకచోట బతుకుతుందిలెండి అన్నది.

వదిలిపెట్టేశాం అన్న మాట నేను ఇదే నంద్యాలలో, చాలా ఏళ్ల కిందట, మా ఇంటి నడవలో నిలబడి విన్నాను. అప్పుడెంత ఒళ్లు మండిందో మొన్నా అంతే మండింది. బడిలో టీచరుగా చేరిన రోజు నుంచి నేటి వరకు డైరీ రాయని రోజు లేదు నాకు. బీరువా నిండా ఉన్నాయి. కానీ ఈ సంగతి కోసం వాటిని తిరగేయవలసిన పని లేదు. సంతోషమైతే తేదీ చూసుకోవాలి గాని, కోపం దేన్నీ మరవనివ్వదు. నా ఈడువాళ్లు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు, వాళ్లకు ఆనాటి ఇళ్లు, ఆనాటి పెద్దల మాట తీరు తెలుసు గనుక వాళ్లకే చెప్పుకుంటున్నాను.

అమ్మా నాయనా నా చిన్నతనంలోనే పోతే నన్ను సాకింది మా మేనత్త. నాయనకూ చిన్నాయనకూ ఆమె అక్క. పెండ్లయిన కొన్నాళ్లకే భర్తను పోగొట్టుకొని పుట్టింటికి వచ్చి, నంద్యాలలో మిషన్ బంగళాలో ఒక దొరసానికి వంట చేసిపెడుతూ ఉండేది. యాభైమూడులో ఆ దొరసాని తన దేశం వెళ్లిపోతూ కుర్చీలు, పెట్టెలు, పింగాణీ సామాను అడిగినవాళ్లకల్లా పంచిపెట్టి, ఎవరూ అడగని తన రెండు పిల్లులను మాత్రం అత్త చేతుల్లో పెట్టింది. అప్పటికే వాటికి వయసు మళ్లుతోంది. ఒకటి తెల్లని పోతుపిల్లి, దాన్ని అందరూ దొర అనేవాళ్లు. రెండవది బూడిద రంగు ఆడపిల్లి, దాని పేరు బూడిదే. వీధి పిల్లులు తప్ప ఎరగని మా పేటవాళ్లకు ఆ బొచ్చు, తోకలు, చదునుగా ఉండే ఆ ముఖాలు తిరునాళ్లలో వింతలాగా ఉండేవి.

దొరకు పుట్టుకతోనే చెవుడు. దొరలకు మన మాటలు ఎప్పుడు ఇనపడినాయి గనక, అని మా వీధి ఆడవాళ్లు కుళాయి దగ్గర నవ్వుకునేవాళ్లు. కానీ అత్త దాన్ని పిలిచే ఉపాయం ఒకటి కనిపెట్టింది. మాది బేతంచెర్ల బండలు పరిచిన ఇల్లు. అన్నం వేళకు ఆమె రోకలి తీసి బండ మీద మెల్లగా రెండుసార్లు పోటు వేసేది. దొర ఇంట్లో ఏ మూలనున్నా ఆ అదురు పాదాలకు తగిలి లేచి, తోక నిలబెట్టుకొని, పిలిచింది తననేనని తెలిసిన పెద్దమనిషిలాగా నడిచి వచ్చేవాడు. అవును, అత్త వాణ్ణి వాడనే అనేది. నాకూ అదే అలవాటైంది.

ముసలి పిల్లిని, అందునా పొడుగు బొచ్చు పిల్లిని, మా నంద్యాల ఎండల్లో సాకడం అంటే ఏమిటో ఈ కాలంలో ముచ్చటపడి కొనుక్కునేవాళ్లకు ఎవరైనా చెప్పాలి. వయసులో ఉన్నప్పుడు పిల్లి తన ఒళ్లు తానే నాక్కొని శుభ్రం చేసుకుంటుంది. ముసలితనంలో నడుము వంగక వెనక భాగం వదిలేస్తుంది, అక్కడే బొచ్చు చిక్కుపడుతుంది. అత్త పొద్దున ఎండ ఎక్కకముందే ఒడిలో గుడ్డ పరుచుకొని, చిక్కు మొదలును రెండు వేళ్లతో గట్టిగా పట్టుకొని, లాగిన నొప్పి చర్మానికి తెలియకుండా, కొన నుంచి లోపలికి కొంచెం కొంచెంగా దువ్వేది. రాని చిక్కుకు కాస్త బియ్యప్పిండి రాసి వేళ్లతో విడదీసేది. గోళ్లు వంకర తిరిగి అరికాలులోకి దిగకుండా కత్తిరించేది. కళ్ల పుసులు గోరువెచ్చని నీళ్లతో తుడిచేది. మింగిన బొచ్చు కడుపులో ఉండకట్టకుండా వేలి కొసన నెయ్యి నాకించేది. పళ్లు ఊడిన దొరకు అన్నం, ఉడికించిన కార్జం కలిపి గుజ్జు చేసి పెట్టేది. ఎండాకాలం మధ్యాహ్నాలు నీళ్ల కడవ పక్కన బండ తడిపి, దాని మీద రెండింటినీ పడుకోబెట్టేది. ఇవన్నీ చేస్తూ ఆమె విసుక్కోవడం నేను చూడలేదు. ఇంట్లో మిగిలినవాళ్లే చూసి విసుక్కునేవాళ్లు.

నేను యాభై ఆరులో ఆళ్లగడ్డలో టీచరుగా చేరాను. శనివారం మధ్యాహ్నం బడి వదలగానే బస్సెక్కి నంద్యాల వచ్చి, సోమవారం పొద్దున వెళ్లిపోయేదాన్ని. ఆ మరుసటి సంవత్సరం చిన్నాయన కోడలు, నాకు వదిన, చంటిబిడ్డను తీసుకొని పుట్టింటి నుంచి వచ్చింది. చిన్నాయన గురించి ఒక మాట చెప్పాలి. ఆయన మా చర్చి సంఘానికి పెద్ద, నలుగురిలో మాట చెల్లేవాడు, నా చదువు మాన్పించకుండా నిలబెట్టినవాడు. అందుకే నాకు ఆయన మీద కోపం ఇంత లోతుకు దిగింది. పరాయివాడైతే ఎప్పుడో మరచిపోయేదాన్ని.

ఆ ఏడు పత్తి ధర పడిపోయిందని చిన్నాయన పంటను అమ్మకుండా ముందరింట్లో కప్పు దాకా పోయించాడు. ఎండాకాలమంతా కూలి ఆడవాళ్లు ఆ నడవలోనే కూర్చొని పత్తిలోని ఆకునలుసు ఏరేవాళ్లు. తలుపు సందుల్లో, సాలెగూళ్లలో, తాగే నీళ్లలో, ఎక్కడ చూసినా దూదిపోగులే. ఆ పక్క గదిలోనే బిడ్డ ఉయ్యాల. బిడ్డకు దగ్గు పట్టుకుంది, తర్వాత ఆయాసం వచ్చింది, డొక్కలెగరేసేది. పిల్లి వెంట్రుక లోపలికి పోతే ఉబ్బసం వస్తుందని మన వైపు అందరూ అనే మాటే. ఉయ్యాలలో తెల్లని పోగు ఒకటి చూపించి వదిన ఏడిస్తే ఇల్లంతా దొర వైపు తిరిగింది.

అత్త వాదించలేదు. దీపపు బుడ్డి వెలిగించి, ఉయ్యాలలోని పోగును అందరి ముందరా మంటకు పట్టింది. అది కాగితంలాగా భగ్గుమని బూడిదైంది. తర్వాత దువ్వెనలో మిగిలిన దొర వెంట్రుకలు పట్టింది. అవి ముడుచుకొని, నల్లని పూసై, ఇల్లంతా కంపు కొట్టింది. చిన్నాయన ముక్కు మూసుకొని చూసి, చివరకు ఆ మాట అన్నాడు.

"అక్కా, అవన్నీ నాకెందుకు. నీకు బిడ్డ కావల్లా, పిల్లి కావల్లా? ఏదో ఒగటి చెప్పు."

ఆ మాటకు ఎవరు మాత్రం ఏం జవాబు చెప్తారు? నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఉయ్యాలలోది పత్తేనని కళ్లతో చూసిన నిజానికి సమాధానం లేనప్పుడు మన పెద్దలు ఒక బిడ్డనో, ఒక పరువునో అడ్డం పెట్టేవాళ్లు. అంతటితో నోరు మూతపడేది. అత్త దీపం ఆర్పి, పిల్లులను వంటింటి వెనక ఉన్న సాయబాను పంచలోకి మార్చింది. పత్తి మాత్రం ముందరింట్లో నుంచి కదలలేదు.

మరుసటి వారమే, తొలకరి వానలు పడ్డాక వచ్చిన ఆదివారం, మేమంతా చర్చికి వెళ్లాం. చిన్నాయన ముందు వరుసలో నిలబడి పాట ఎత్తుకున్నాడు. ఇంటికి వచ్చి అత్త రోకలి పోటు వేస్తే బూడిద ఒక్కటే వచ్చింది. మళ్లీ వేసింది. పెరట్లోకి పోయి అక్కడి బండ మీదా వేసింది. వదిన బిడ్డను ఎత్తుకొని అటు తిరిగి నిలబడింది. చిన్నాయన చెంబు దించి, నింపాదిగా చెప్పాడు.

"సంపలేదక్కా. అట్టాంటి పాపం నేను జేస్తానా? కుందూ ఏటి అవతల వదిలిపెట్టినాం. ఎలకలు తిని బతుకుతాది."

పళ్లు లేని దొర ఎలుకలు తిని బతకాలట. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి కాశీలో దానమివ్వాలని ఇరుగుపొరుగు అనుకునేవాళ్లు. కాశీతో పనిలేని మా ఇంట్లోకి కూడా ఆ భయం ఎప్పుడో వచ్చి కూర్చుంది. అందుకని చంపకుండా గోతంలో కట్టి ఏరు దాటించడం అందరికీ మర్యాద. ఏరు దాటిన పిల్లి తిరిగి రాదు, చేతికి రక్తం అంటదు, ప్రార్థనకు ఆలస్యం కాదు.

మా పత్తి తోలే బండాయన చేతనే ఈ పని చేయించారు. అత్త రోకలి భుజాన వేసుకొని ఆయన ఇంటికి నడిస్తే, పాపం, ఆయన అన్నం ముందు నుంచి లేచి మా ఇద్దరికీ బండి కట్టాడు. వంతెన దాటేదాకా తల ఎత్తలేదు.

"పెద్దాయన సెప్తే నేనేం జేసేదమ్మా," అన్నాడు. "గోతం బరువే లేదు. యాడ ఇప్పినానో ఆడనే కూచున్యాడు, నా తట్టు సూస్తా."

అక్కడ దొర లేడు. పిలుద్దామంటే చెవిటివాడు. అత్త గట్టెక్కి నేల మీద రోకలి పోటు వేసింది. నల్లరేగడి, రెండు దినాల వాన తాగిన నేల. రోకలి చప్పుడు లేకుండా దిగబడింది. లాగి ఇంకొకచోట వేసింది. అక్కడా అంతే. దూరంగా చేలో గడ్డి ఏరుతున్న కూలి ఆడవాళ్లు చూసి, ఏందవ్వా, సేన్లో వడ్లు దంచుతాండావా, అని నవ్వారు. ఆమె వాళ్ల వైపు చూడలేదు, నా వైపు తిరిగింది.

"మెత్తన నేలమ్మా," అన్నది. "వానికి ఇనపడదు."

బండిబాట పొడవునా కంపచెట్లకు తెల్లని పోగులు చిక్కుకొని ఉన్నాయి, పత్తిబండ్లు రాసుకొని పోయినప్పటివి. అత్త ఒక్కొక్కటే తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది. అన్నీ పత్తే. నేను సోమవారం ఆళ్లగడ్డకు పోక తప్పలేదు. ఆమె ఆ వారమంతా రోజూ రోకలి తీసుకొని కుందూ దాటిందని తర్వాత బండాయనే చెప్పాడు. దొర దొరకలేదు.

నెల తిరగకముందే ధర లేచింది. చిన్నాయన పత్తి అమ్మేశాడు, ముందరిల్లు కడిగించారు. బిడ్డకు దగ్గు పోయింది. బిడ్డ బాగుపడినందుకు నాకు మాత్రం సంతోషం కాదా? కానీ ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చిన్నాయన చెప్పింది ఏమిటంటే, చూసినారా, పిల్లి పోయింది, దగ్గు పోయింది. అందరూ తల ఊపారు. ఆనాడు దీపం దగ్గర నిలబడి కంపుకు ముక్కు మూసుకున్నవాళ్లు కూడా ఊపారు.

అత్త ఎవరితోనూ తగవు పడలేదు. బూడిదను మూతగంపలో పెట్టుకొని నాతోపాటు ఆళ్లగడ్డ బస్సెక్కింది. గంపలో ఏముందని కండక్టరు అడిగితే, ముసిలామెప్పా, కావాలంటే టికెట్టు కొట్టు, అన్నది. బస్సంతా నవ్వింది. ఆమె నలుగురిని నవ్వించడం నేను చూసింది ఆ ప్రయాణంలోనే చివరిసారి. మట్టినేల ఉన్న నా ఒంటిగదిలో బూడిద రెండు ఎండాకాలాలు బతికింది. చివర్లో ఊరికే నీళ్లు తాగేది, ఎముకలు తేలింది. దువ్వెన గుచ్చుకుంటుందని అత్త వేళ్లతోనే దువ్వేది. ఆమె ఒడిలోనే పోయింది; ఒంటి మీద ఒక్క చిక్కు లేదు.

అరవైలో అత్త పోయింది. నంద్యాలలో మావాళ్ల పక్కనే సమాధి చేశాం. సంఘ పెద్దగా చిన్నాయన లేచి, మూగజీవాల మీద మా అక్కకుండే దయ ఇంతా అంతా కాదని మొదలుపెట్టాడు. ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. నేను ఆయన ఎదుటనే నిలబడి ఉన్నాను.

"దొర సంగతి గూడా చెప్పు చిన్నాయనా," అన్నాను.

ఆయన కళ్లు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ ఒక్క మాటకు మావాళ్లు చాలా ఏళ్లు నన్ను పెండ్లిళ్లకు పిలవలేదు, టీచరమ్మకు తిక్క అన్నారు. అననీ. ఆనాటి చంటిబిడ్డకు ఇప్పుడు మనవళ్లు. చిన్నప్పుడు పిల్లి బొచ్చు వల్ల తనకు ఆయాసం వచ్చిందని మొన్నమొన్న కూడా నలుగురిలో చెప్పుకుంటుంటే విన్నాను. అబద్ధానికి ముసలితనం రాదు కాబోలు.

గేటు ముందరి పిల్లిని నేనే తెచ్చుకున్నాను. ఈ వయసులో నీకెందుకమ్మా అని మా అమ్మాయి గొణిగింది గాని, కత్తెర తానే తెచ్చి ఇచ్చింది. బియ్యప్పిండి రాసి రోజుకు కొంచెం కొంచెంగా చిక్కులు తీస్తున్నాను. ఇప్పుడు పిల్లులకు డాక్టర్లున్నారు, పొట్లాల్లో తిండి ఉంది, రకరకాల దువ్వెనలున్నాయి. గోతం అవసరం కూడా పోయింది. గేటు తీసి ఫ్రీగా అంటే చాలు. దీనికీ ముసలితనం వల్ల వినికిడి తగ్గినట్టుంది. నిన్న చేతికర్రతో టైల్సు మీద మెల్లగా తట్టి చూశాను. తల ఎత్తి నా వైపు చూసింది.

ఆ మధ్య మా అమ్మాయి కారులో కుందూ అవతలికి తీసుకుపోయింది. ఆ చేలన్నీ ప్లాట్లు వేసి, సిమెంటు రోడ్లు పోశారు. ఎక్కడ అడుగు పెట్టినా గట్టి నేల. ఇప్పుడు అక్కడ రోకలి పోటు వేస్తే అదురు ఎంత దూరమైనా పోతుంది. వినవలసినవాడే లేడు.