కుంభకర్ణుణ్ణి లేపినవారికి ఒక గారె

మా చిన్నప్పుడు... విజయదశమి నాటి మధ్యాహ్నం వన్ టౌన్‌లో మా వీధి వర్తకులు పిల్లల వేషాల ఊరేగింపు జరిపించేవారు. రాముళ్ళూ, కృష్ణులూ, దుర్గమ్మలూ ప్రతి ఏడూ వచ్చేవారే. ఆ ఏడు ఎవ్వరూ వేయని వేషం వేయాలని మేము ముగ్గురం నిశ్చయించుకున్నాం. ఏడో తరగతిలో ఒకే బల్ల మీద కూర్చునే నేను, కోటి, ఏలియా.

మా నాన్నగారు హమాలీగా పనిచేసే గోదాము నుంచి తోపుడు బండి ఒకటి అడిగి తెచ్చాం. దాని మీద ఊకబస్తాలు పరిచి, కుంభకర్ణుడి పాన్పు అన్నాం. ఏలియా వాళ్ళ నాన్నగారు దుకాణాలకు బోర్డులు రాసేవారు. ఆయన దగ్గర మిగిలిన ఎర్రరంగుతో ఏలియా ఒక అట్ట మీద పెద్ద అక్షరాలు రాశాడు... "కుంభకర్ణుణ్ణి లేపినవారికి ఒక గారె." కోటి వాళ్ళమ్మ వండి ఇచ్చిన గారెలను దారానికి గుచ్చి, బండికి తోరణంగా కట్టాం.

కుంభకర్ణుడు కోటి. నిజానికి మా ముగ్గురిలో బక్కవాడు అతడే. పొట్టకు రెండు దిండ్లు కట్టి, జనపనార పీచుకు మసి పూసి మీసాలుగా అతికించాం. అతణ్ణి ఎంచుకోవడానికి కారణం ఒక్కటే. అరికాళ్ళలో చక్కిలిగింతలు పెట్టినా కదలని పిల్లవాడు మా బడి మొత్తం మీద అతడొక్కడే.

రావణుణ్ణి నేను. ఊరేగింపు చివర బహుమతులిచ్చే వేదిక ముందు నేను "తమ్ముడా, లంకకు ఆపద వచ్చింది, లే" అన్నాకే అతడు లేవాలి. అంతవరకు ఏం జరిగినా కళ్ళు తెరవకూడదు. నా చేతిలో చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకున్నాను.

బండి కదిలింది... వీధి వీధంతా గారె కోసం ఎగబడింది. ఒకాయన ముక్కులో కోడి ఈక తిప్పాడు. ఒక అవ్వ చెంబుతో నీళ్ళు చిలకరించింది. కిళ్ళీకొట్టు ఆయన వంగి, "ఒరే, మీ లెక్కల మాస్టారొస్తున్నాడ్రా" అన్నాడు. కోటి దానికి బదులుగా గురక పెట్టాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

మాకంటే ముందు వెళ్ళిన బండికి వేదిక దగ్గర చప్పట్లు బాగా పడ్డాయి. అది చూసి నాకు దురాశ పుట్టింది. దీపావళికని కొనిపెట్టుకున్న బాంబు ఒకటి నా నడుము గుడ్డలో ఉంది. ఆ సంగతి మిగిలిన ఇద్దరికీ చెప్పలేదు. ఏలియా ముందు నిలబడి బండి లాగుతున్నాడు. నేను వెనక్కి వెళ్ళి, బండి మీది అగరువత్తితో ఒత్తి అంటించి, కోటి తల పక్కన, డప్పులా వాయించడానికి తెచ్చుకున్న ఖాళీ నూనె డబ్బా కింద పెట్టాను...

డబ్బా ఎగిరిపడింది. వేదిక మీది పెద్దలు సైతం ఉలిక్కిపడి లేచారు. కోటి మాత్రం కదలలేదు. మూసిన కళ్ళ కొసల నుంచి నీళ్ళు కారాయి. నవ్వు ఆపుకుంటున్నాడనుకున్నాం. వీధి దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు.

నేను ముందుకు వచ్చి నా మాట పలికాను. లేవలేదు. మళ్ళీ పలికాను. జనం ఇంకా నవ్వారు. మూడోసారికి ఏలియా కాలు గిల్లితే లేచి కూర్చుని, నా పెదవుల వంక చూస్తూ మెల్లగా అడిగాడు.

"పిలిచావా?"

అదీ వేషంలో భాగమే అనుకున్నారందరూ. మొదటి బహుమతి మాకే వచ్చింది... తలా ఒక స్టీలు గ్లాసు.

సాయంత్రం బస్తాలు దింపుతుంటే, కోటి తల ఆనించిన చోట చిన్న ఎర్రమరక కనబడింది. అది ఏలియా రంగేనని నాకు నేను ఎంత చెప్పుకున్నానో... కోటి వాళ్ళమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనెను అతడి ఎడమచెవిలో పోస్తూ, ఎవరు చేశారురా ఈ పని అని అడిగింది. కళ్ళు మూసుకుని పడుకున్నవాడికి ఏం తెలుస్తుంది?

"ఎవడో గారె కోసం బాంబు పెట్టాడమ్మా" అన్నాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. "అవునండి పిన్నిగారూ, ఎవడో..." అన్నాను.

కోటికి రైలింజను నడపాలని కోరిక. పెద్దయ్యాక పరీక్ష రాశాడు, నెగ్గాడు. వైద్య పరీక్షలో ఎడమచెవి దగ్గర ఆగిపోయాడు. ఆ రోజు తిన్నగా నా దగ్గరికే వచ్చి నవ్వుతూ అన్నాడు.

"ఒక్క గారె కోసం ఎవడో నా రైలు పట్టుకుపోయాడ్రా."

నేను పగలు అదే గోదాములో బస్తాలు మోసి, రాత్రి కళాశాలలో చదివి, ముప్పై దాటిన తరువాత పట్టా పుచ్చుకున్నాను. ఈ మాట గర్వంగానే చెప్పుకుంటాను. మా వీధిలో ఎవరికి అర్జీ కావాలన్నా నా చేతనే రాయించుకుంటారు. కాని, కోటికి చెప్పవలసిన ఒక్క వాక్యం ఇన్నేళ్ళలో నాకు కుదరలేదు.

ఇప్పుడు అతడు వన్ టౌన్‌లోనే ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. కలిసి నడిచేటప్పుడు ఏమీ అనకుండానే నా ఎడమపక్కకు వచ్చేస్తాడు... నా మాటలు అతడి కుడిచెవికి అందాలని.

నిరుడు టీ కొట్టు దగ్గర ధైర్యం తెచ్చుకుని మొదలుపెట్టాను. "కోటీ, ఆ దసరా రోజున..." అతడు టీ ఊదుకుంటూనే అన్నాడు. "అటుపక్క నుంచి చెప్తే నాకేం వినపడుద్దిరా. ఇటొచ్చి చెప్పు."

రెండడుగుల దూరం... వెళ్ళలేకపోయాను. టీ బాగుందని మాత్రం అన్నాను.

మా వీధిలో ఇప్పుడు తోపుడు బండ్ల వేషాలు లేవు. లారీల మీద డీజే పెట్టెలు వస్తున్నాయి. అవి దగ్గరికి రాగానే అందరూ రెండు చేతులతో రెండు చెవులూ మూసుకుంటారు. కోటికి ఒక చెయ్యి చాలు. రెండో చెయ్యి నా భుజం మీద వేసి నిలబడతాడు...

మీ వీధి ఊరేగింపుల్లో మీరు ఏ వేషం వేశారో, పక్కన ఎవరున్నారో కింద రాయండి. నేను చదువుతాను. కోటి కూడా చదువుతాడు. నా రాతలు ఒక్కటీ వదలడు.

కోటీ... ఆ "ఎవడో" నేనేరా.