సద్దు చేయని పెట్టె

మా మామ పోయిన కబురు ఆళ్లగడ్డకు మేమే పంపాం. ఆ కబురు అక్కడి నుంచే నంద్యాలలో ఉన్న మాకు వస్తుందని చాలాకాలం భయపడ్డాం. అటువైపు నుంచి ఫోన్ వస్తే మా ఆయన ఎత్తడానికి జంకేవారు.

మామ ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవారు. అత్త పోయాక మా దగ్గరికి వచ్చారు గానీ వారంలో సగం రోజులు అక్కడి షెడ్డులోనే ఒంటరిగా పడుకునేవారు. అందులో పని ఎప్పుడో ఆగిపోయింది. ఒకసారి ఛాతీ పట్టేసి అక్కడే పడిపోయారు. పాలు పోసే ఆమె వచ్చి చూసేదాకా ఎవరికీ తెలియలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. కాస్త తేరుకోగానే మళ్లీ సంచి సర్దుకున్నారు.

"ఈడ నీకేం తక్కువైంది నాయనా?" అని మా ఆయన గట్టిగానే అడిగారు.

"తక్కువేం గాలేదప్పా. మీ ఇంట్లో బ్లేడు నిలవదు."

మాకు అర్థం కాలేదు. మామ మేజా కిందున్న నా కంప్యూటర్ వైపు గడ్డంతో చూపించారు. నేను ఇంట్లోనే పెళ్లిపత్రికలు, బడుల ప్రశ్నపత్రాలు కంపోజ్ చేస్తాను. ఆ పాత పెట్టె పొద్దుననగా మొదలుపెడితే దాని లోపలి ఫ్యాను సన్నగా కూస్తూనే ఉండేది. రాయి కోసే మెషిన్ ఆపినాక కూడా బ్లేడు కాసేపు అలాగే కూస్తూ తిరుగుతుందట. "అది నిలిచినాకే రాతిమీద చెయ్యి పెట్టాల. నా చెవులకు అదే అలవాటు మ్మా. మీది ఎంతసేపటికీ నిలవదే," అన్నారు. నెత్తిమీద ఫ్యాన్ ఎంత తిరిగినా పట్టించుకోని మనిషి మా హాల్లో ఎప్పుడూ కుర్చీ అంచునే కూర్చునేవారు. అది మొహమాటం అనుకున్నాం.

మా ఆయన ఫ్యాను లేని చిన్న కంప్యూటర్, మినీ పీసీ, తెచ్చింది అందుకే. టీవీ వెనక స్క్రూలతో బిగించారు. పగలు దానిమీద నా పని, సాయంత్రం అందరికీ టీవీ. బిగించే ముందు మామ దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశారు.

"ఏందప్పా ఇది, ఆకువక్క డబ్బా మాదిరి ఉండాది. అంగడోడు కొసరుకిచ్చినాడా?"

"అంతా దాంట్లోనే ఉండాది నాయనా."

"ఊఁ. మీ ఆయన్ను ఎవురో బాగా నమ్మించినారు మ్మా," అన్నారు నాతో.

మొదటి రోజుల్లో కొత్త తంటా వచ్చింది. నేను పత్రిక కంపోజ్ చేస్తూ పొయ్యి దగ్గరికి వెళ్లి వచ్చేసరికి తెర నల్లగా ఉండేది. మామ గోడ దగ్గర స్విచ్ ఆపేసేవారు.

"మామా! అది పనిలో ఉండాది!"

"మరి చెప్పదే?"

సద్దు లేని మెషిన్‌లో కరెంటు ఉండనివ్వకూడదని వాళ్ల షెడ్డులో పద్ధతి. నేను తల పట్టుకున్నాను. మరుసటి రోజు ఆయనే పాత ఎర్రగుడ్డ పేలిక చించి ఆ స్విచ్ పక్కన మేకుకు కట్టారు. "గుడ్డ ఉంటే పనిలో ఉన్నట్టు. ఇంక ముట్టుకోన్లే," అన్నారు. పక్కింటామె చూసి, "ఏమ్మా, కంప్యూటర్లకు గూడా దిష్టి తగుల్తాందా?" అని నవ్వింది. ఆయన నా కంటే ముందే, "మా కోడలు పని జేస్తాంటే తగలదా మరి," అన్నారు.

సాయంత్రాలు బండలాగుడు పోటీల వీడియోలు పెట్టమనేవారు, సౌండ్ లేకుండా. అందరూ ఎద్దులను చూస్తారు. మామ బండను చూసేవారు. "అడుగున సాపు జేయలే, చూడు. ఎద్దులు ఏం జేస్తాయి పాపం?" అని నిర్వాహకులను తిట్టేవారు. అలా తిడుతూ ఒకరోజు కుర్చీలో వెనక్కి వాలారు. కాళ్లు చాపారు. మా ఆయన నావైపు చూశారు.

షెడ్డుకు పోవడం వెంటనే మానలేదు. పొద్దున బస్సుకు వెళ్లి చీకటి పడకముందే వచ్చేసేవారు. పోను పోను అదీ తగ్గింది. అడిగితే, "ఆడేముండాది, దుమ్ము," అనేవారు.

మామ పోయిన రోజు కూడా వీడియో చూస్తున్నారు. నేను పక్కనే కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. "ఆ ఎడంపక్క ఎద్దు అలిసిపాయ," అన్నారు. నేను తలెత్తకుండానే "ఊఁ" అన్నాను. కాసేపటికి కాఫీ పెట్టనా అని అడిగితే జవాబు లేదు. చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. మా ఆయన లోపలి నుంచి వచ్చి రెండో చెయ్యి పట్టుకున్నారు. బాధపడే వ్యవధి కూడా ఉండి ఉండదని డాక్టరు అన్నాడు.

ఏడ్చాం. ఏడుపు కిందనే ఒక నిమ్మళం ఉంది. తండ్రి దగ్గర ఉండగలిగానని మా ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పారు. చెప్పిన ప్రతిసారీ ఆయన గొంతు కొంచెం తేలికపడింది. ఇంట్లో అందరి మధ్య పోవడం పెద్ద విషయమా అని కొందరికి అనిపించవచ్చు. మాకు అదే పెద్దది.

కర్మ అయ్యాక ఇద్దరం ఆళ్లగడ్డ వెళ్లి షెడ్డు తాళం తీశాం. మూలన ఆయన నవారు మంచం ఉంది. పక్క షెడ్డు నుంచి వచ్చిన రాతిపొడి దానిమీద మెత్తగా, తెల్లగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకుని ఉంది. ఎక్కడా మనిషి ఒరిగిన గుర్తు లేదు.