చెప్పులకు కాపలా

"మోకాళ్ల నొప్పులు కదమ్మా, నువ్వు కింద చెప్పుల దగ్గర కూర్చో," అన్నాడు మా అబ్బాయి, కోరుకొండ మెట్ల ముందు.

చిన్నప్పుడు ఏటా మేమంతా ఈ కొండెక్కితే, నాయనమ్మ కింద చెప్పులకు కాపలా ఉండేది. అది పెద్దవాళ్లకిచ్చే గొప్ప పదవనుకుని నేను కుళ్లుకునేదాన్ని. ఒక ఏడు ఆవిడ చటుక్కున లేచి, "పోతే చెప్పులే కదా పోతాయి!" అంటూ, గోడలా నిటారుగా ఉన్న మెట్లను చేతులతో పట్టుకుంటూ మా వెనకే ఎక్కేసింది. పైన గాలికి చెంగు ఎగురుతుంటే, కనుచూపుమేరా పరుచుకున్న పచ్చని చేలను చూసి తాతయ్య మీద విరుచుకుపడింది.

"ఏవండీ, ఇన్నేళ్లూ నన్ను కింద కూర్చోబెట్టి ఇదంతా మీరే చూశారన్నమాట!"

దిగొచ్చేసరికి చెప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"చెప్పులకేం కాదు, పద," అని మా అబ్బాయికన్నా ముందు మెట్టెక్కాను.